చేర్చుకోవడంతో సరిపోదు: సమ్మిళిత విద్యపై ఒక విమర్శ

2016 దివ్యాంగుల హక్కుల చట్టం సమ్మిళిత విద్యకు ఇచ్చిన నిర్వచనాన్ని ఇప్పుడు విమర్శనాత్మకంగా పరిశీలిద్దాం. అందులో రెండు భాగాలున్నాయి. వైకల్యం ఉన్న పిల్లలు, లేని పిల్లలు కలిసి చదవడం మొదటిది. వైకల్యం గల పిల్లల అవసరాలకు తగినట్లు బోధనాభ్యసన పద్ధతులను మార్చడం రెండవది. మన పాఠశాలల్లో మొదటిది కనిపించినంతగా రెండవది కనిపించదు. ఈ విమర్శకు మూలం అదే.

ముందు మనం వాడే మాటను గమనించండి. తెలంగాణలో దీనిని తరచుగా ‘విలీన విద్య’ అంటారు. ఆంధ్రప్రదేశ్‌లో ‘సహిత విద్య’ అనే మాట ఎక్కువగా వినిపిస్తుంది. నది సముద్రంలో విలీనమైతే ఇక విడిగా కనిపించదు. హాజరు పట్టీలో పేరుండి, చివరి బెంచీలో కూర్చొని, పాఠం అందని పిల్లవాడి స్థితి కూడా అదే. చట్టం కోరింది ఇటువంటి విలీనాన్ని కాదు.

నిజాంపేటను ఉదాహరణగా తీసుకోండి. ఐటీ ఉద్యోగుల అపార్టుమెంట్లు, వాటిని కట్టే వలస కూలీల నివాసాలు, ప్రైవేటు పాఠశాలలు, సర్కారు బడి అన్నీ ఇక్కడ ఉన్నాయి. ఇటువంటి పిల్లల బాధ్యత సర్కారు బడిదేనని చాలామంది భావిస్తారు. కాని 16వ సెక్షన్ ప్రభుత్వ నిధులు పొందే సంస్థలకే కాక, ప్రభుత్వ గుర్తింపు పొందిన సంస్థలకు కూడా వర్తిస్తుంది. ‘మా దగ్గర సౌకర్యాలు లేవు, వేరే బడి చూసుకోండి’ అని తల్లిదండ్రులను తిప్పి పంపే ప్రైవేటు పాఠశాల తన లోపాన్నే సాకుగా చూపుతోంది.

చదవడంలో, రాయడంలో అక్షరాలు తారుమారయ్యే పిల్లను ఊహించండి. ఇంగ్లీషు, తెలుగు, హిందీ మూడూ ఆమెకు భారమే. 17వ సెక్షన్ ప్రకారం పరీక్షలో అదనపు సమయం, లేఖకుల సహాయం, ద్వితీయ, తృతీయ భాషల నుంచి మినహాయింపు వంటి వెసులుబాట్లు కల్పించాలి. ఇవి దయతో ఇచ్చేవి కావు. ఆ సంగతి తెలియని ఇంట్లో మాత్రం ఆమె ‘మొద్దు’ అనే ముద్రతో మిగిలిపోతుంది.

నలభై మంది ఉన్న తరగతిలో ఒక్క టీచరు ఏం చేయగలరని మీరు అడగవచ్చు. అది న్యాయమైన ప్రశ్నే. రజనీశ్ కుమార్ పాండే కేసులో 2021 అక్టోబరు 28న తీర్పు చెప్పిన సుప్రీంకోర్టు, 2025 మార్చిలో ప్రత్యేక ఉపాధ్యాయుల పోస్టులను మంజూరు చేయాలని రాష్ట్రాలను ఆదేశించింది. మన మండలాల్లోని భవిత కేంద్రాల రిసోర్స్ పర్సన్లు పాఠశాలలకు వెళ్లి సహాయపడుతున్నారు. అయితే అప్పుడప్పుడు వచ్చే నిపుణులు రోజూ పాఠం చెప్పే టీచరుకు తోడు కాగలరే తప్ప, ఆ స్థానాన్ని భర్తీ చేయలేరు. ప్రశ్నను పైకి చదివి వినిపించడం, జవాబును నోటితో చెప్పనివ్వడం, ముందు వరుసలో కూర్చోబెట్టడం వంటివి రేపటి నుంచే ఏ టీచరైనా చేయగలరు.

అభ్యాసం: మీ ఇంటికి దగ్గరలోని ఒక పాఠశాలను సందర్శించండి. ప్రత్యేక అవసరాలు గల పిల్లలు ఎందరున్నారో తెలుసుకొని అక్కడితో ఆగవద్దు. వారి కోసం బోధనలో, పరీక్షలో ఏమేమి మార్చారో అడిగి, ఒక పేజీకి మించకుండా రాయండి.