సంకరజాతి ఆవు, కులసంకరం: రక్తపరీక్షల మీద కొన్ని ప్రశ్నలు

గుడివాడ వైపు గేదెను కొనేవాళ్లు ముందు అడిగేది "ఏ జాతి?" అనే. బందరులో అద్దె ఇంటికి వెళ్లిన మనల్ని అడిగేదీ దాదాపు అదే: "మీరేవిట్లు?" పశువుకీ మనిషికీ "జాతి" అనే ఒకే మాట వాడటం మన భాషకి అలవాటు. ఈ అలవాటుని సైన్సు కూడా పరీక్షించకుండానే మోసిందనేది మా విమర్శ.

రక్తంలోంచి కణాలు తీసేస్తే మిగిలే పసుపుపచ్చని ద్రవం ప్లాస్మా. ఇనుమును మోసే ట్రాన్స్‌ఫెరిన్, పగిలిన ఎర్రకణాల హీమోగ్లోబిన్‌ను పట్టుకునే హాప్టోగ్లోబిన్ లాంటి ప్రోటీన్లు అందులో ఉంటాయి. 1955లో ఆలివర్ స్మిథీస్ పిండితో చేసిన జెల్‌లో కరెంటు పంపి, మనుషుల హాప్టోగ్లోబిన్ మూడు రకాలుగా ఉంటుందని చూపాడు. కొద్దికాలానికే పశువుల ట్రాన్స్‌ఫెరిన్‌లోనూ రకాలున్నాయని తేలింది. దూడకి తండ్రి ఏ ఆంబోతో తేల్చటానికి, పశుజాతుల మధ్య దూరం లెక్కకట్టటానికి ఇది పనికొచ్చింది. తర్వాత మన యూనివర్సిటీల్లో కులాలవారీగా రక్తం తీసి ఇవే పట్టికలు వేశారు. ఒంగోలు, ముర్రా అని రాసే గడిలోనే మాల, మాదిగ, బ్రాహ్మణ అని రాశారు.

పద్ధతి ఒకటే కావచ్చు. కానీ పశుజాతి ఎలా తయారవుతుంది? ఏ ఆవుని ఏ ఆంబోతుతో దాటించాలో యజమాని నిర్ణయిస్తాడు. మనుషుల్లో ఆ యజమాని ఎవరు? పెళ్లిళ్ల పేరయ్య, ఊరి కట్టుబాటు, ఒక్కోసారి కత్తి. కులం లోపలే పెళ్లి అనే కట్టడే కులానికి ప్రాణమని అంబేద్కర్ 1916లోనే కొలంబియా యూనివర్సిటీలో చెప్పాడు. పట్టికలో కనపడే తేడా ఆ కట్టడి వదిలిన గుర్తు. దాన్ని కులానికి కారణంగా చదవటం అంటే తాడు ఒరుసుకున్న మచ్చ చూసి ఆవు మెడ పుట్టుకతోనే అలా ఉందనటమే.

"సంకరం" అనే మాట కథ కూడా చూడాలి. ఎక్కువ పాలిస్తుందని సంకరజాతి ఆవుకి అందరూ సూది వేయిస్తారు. అదే మాట మనుషుల దగ్గరికొచ్చేసరికి తిట్టు. శూద్రుడికీ బ్రాహ్మణ స్త్రీకీ పుట్టినవాడు చండాలుడని మనుస్మృతి లెక్కగట్టింది. అంటే అంటరానితనాన్ని కూడా రక్తపు లెక్కతోనే సమర్థించారు. ప్రయోగశాల రాకముందే ఆ పట్టిక ఉంది.

ప్రోటీన్లు ఏం చెబుతున్నాయి? 1972లో రిచర్డ్ లెవాంటిన్ 17 జన్యువుల్ని, అందులో హాప్టోగ్లోబిన్‌నీ, తీసుకుని ప్రపంచ జనసముదాయాలను పోల్చాడు. వైవిధ్యంలో సుమారు 85 శాతం ఒక్కో సముదాయం లోపలే ఉంది. చాలా జన్యువుల్ని కలిపి చూస్తే గుంపుల్ని గుర్తుపట్టొచ్చని ఎడ్వర్డ్స్ 2003లో వాదించాడు. అదీ నిజమే. కానీ గుర్తుపట్టటం వేరు, మెట్టు నిర్ణయించటం వేరు. హాప్టోగ్లోబిన్ రకాలు అన్ని కులాల్లోనూ ఉన్నాయి, పాళ్లే మారతాయి. ఒక్క ప్లాస్మా గొట్టం చూసి ఇది ఎవరి ఇంటిదో ఎవరూ చెప్పలేరు.

ఈ పరీక్షలు దండగని మేము అనటం లేదు. ప్లాస్మాలో బ్యూటిరిల్‌కోలినెస్టరేజ్ అనే ఎంజైము ఉంటుంది. అది లోపించినవాళ్లకి ఆపరేషన్‌లో సక్సినైల్‌కోలిన్ ఇస్తే నిమిషాల్లో తగ్గాల్సిన మందు ప్రభావం గంటలపాటు ఉండి ఊపిరి ఆగుతుంది. ఈ లోపం వైశ్యుల్లో మిగతావాళ్లకంటే చాలా ఎక్కువ. కారణం తరతరాల కులాంతర్గత వివాహమే. "శుద్ధి" పేరుతో కట్టిన గోడ లోపలివాళ్లనీ వదల్లేదన్నమాట. ఇలాంటి చోట డాక్టరు కులం అడిగితే అర్థం ఉంది.

మనవాళ్లకీ ఒక మాట చెప్పాలి. విశాఖ జిల్లా కులాల డి.ఎన్.ఏ. మీద 2001లో వచ్చిన పరిశోధన పైకులాలు యూరప్ వాళ్లకి కాస్త దగ్గరని చెప్పింది. దాన్ని పట్టుకుని "మేమే మూలవాసులం, రక్తమే సాక్ష్యం" అనటం మనకి సులువే. 2013 నాటి మరో పరిశోధన, సుమారు 4,200 నుంచి 1,900 ఏళ్ల క్రితం వరకు ఇక్కడ అందరూ కలిశారనీ, ఆ తర్వాతే తలుపులు మూసుకున్నాయనీ తేల్చింది. అంటరానివాళ్లు వేరే జాతి అనే వాదాన్ని అంబేద్కర్ 1948లోనే ముక్కు కొలతలు చూపించి కొట్టేశాడు. 1917లో బెజవాడలో భాగ్యరెడ్డివర్మ అధ్యక్షతన "ఆది ఆంధ్ర" అన్న పేరు నిలబడింది ఆత్మగౌరవం మీద. దానికి ప్రయోగశాల సర్టిఫికెట్ అక్కర్లేకపోయింది.

1977 నవంబరు 19 ఉప్పెనలో దివిసీమలో మనుషులూ పశువులూ వేలల్లో పోయారు. ఉప్పెన కులం చూడలేదంటారు. పల్లంలో, మట్టిగోడల పూరిగుడిసెల్లో ఉన్నదెవరు, మేడ ఎక్కగలిగిందెవరు? బతికినవాళ్లకీ పోయినవాళ్లకీ మధ్య ఉన్న ఆ తేడా ఏ ప్రోటీన్ పట్టికలోనూ దొరకదు.

అందుకే మా సూచన ఇది. కులాలవారీగా రక్తం తీసే ప్రతి పరిశోధన ముందు మూడు ప్రశ్నలకి జవాబు చెప్పాలి. రక్తమిచ్చినవాళ్లకి ఎందుకు తీస్తున్నారో వాళ్ల భాషలో చెప్పారా? ఫలితం తిరిగి పల్లెకి వచ్చిందా? పట్టికలో పెళ్లి కట్టుబాటుకీ, భూమికీ, తిండికీ గడి ఉందా? క్లాసులో జన్యుశాస్త్రం చెప్పే టీచర్లు ఈ ప్రశ్నల్ని పిల్లల చేత అడిగించగలిగితే, "జాతి" అనే మాటని పశువుల కొట్టం దగ్గరే వదిలి రాగలం.