అయిదడుగుల కనికట్టు

బల్ల చుట్టూ కూర్చుని పాత్రల్లోకి దూరి ఆడే డంజన్స్ అండ్ డ్రాగన్స్ ఆటలో ఉల్కలు కురిపించే మంత్రాలున్నాయి. వాటన్నిటికంటే నాకు ఇష్టమైనది మాత్రం ‘మైనర్ ఇల్యూజన్’ అనే చిన్న కనికట్టు. 2014 నాటి అయిదో ఎడిషన్ ప్రకారం, 30 అడుగుల లోపు ఒక చప్పుడో, ఒక వస్తువు బొమ్మో పుట్టించవచ్చు. బొమ్మ 5 అడుగుల ఘనంలో ఇమడాలి. దానికి వెలుగుండదు, వాసనుండదు, చప్పుడుండదు. చెయ్యి పెడితే అవతలికి దూరిపోతుంది. నిమిషంలో మాయం.

నియమం రాసినవాళ్ల పనితనమంతా ఈ ‘ఉండదు’ల్లోనే ఉంది. చీకటి గదిలో దీపం బొమ్మ వేస్తే గోడ మీద వెలుగు పడదు, వెంటనే దొరికిపోతాం. అందుకే మంచి ఆటగాడు ‘ఇక్కడ ఏముంటే ఎవరూ రెండోసారి చూడరు?’ అని ఆలోచిస్తాడు. గోదాములో కాపలావాళ్లు తరుముతున్నారు. రాక్షసుడి విగ్రహం వేస్తే అందరి కళ్లూ అటే పోతాయి. చెక్కపెట్టెల వరుస చివర ఇంకో పెట్టె వేసి, మిగతావాటికి పట్టిన దుమ్మే దీనికీ పట్టించి, లోపల ముడుచుకుని కూర్చుంటే వాళ్లు పక్కనుంచే పరుగెత్తిపోతారు. ఒకడికి అనుమానం వచ్చిందే అనుకుందాం. పరీక్షగా చూడాలంటే వాడు తన వంతులో యాక్షన్ ఖర్చుపెట్టి ఇన్వెస్టిగేషన్‌కు డైస్ వెయ్యాలి. పోరులో యాక్షన్ అంటే ఒక కత్తివేటు. మాయ బయటపడినా ఆ వేటు తప్పినట్టే! ఈ లెక్క అర్థమైన రోజు నేను పుస్తకం మూసి చాలాసేపు అలాగే కూర్చున్నాను.

‘డిస్‌గైజ్ సెల్ఫ్’ అనే ఇంకో మంత్రంతో గంటసేపు రూపు మార్చవచ్చు. మారేది చూపుకే, ఒంటికి కాదు. లావుపాటి మనిషి సన్నగా కనిపిస్తే, పక్కవాడి చెయ్యి ఖాళీ గాలిలో దేనికో తగిలి ఆగుతుంది. అందుకని చెయ్యి తిరిగినవాళ్లు టోపీ, అంగీ నిజమైనవే తొడుక్కుని మొహం ఒక్కటే మారుస్తారు.

డ్రూయిడ్ అనే ప్రకృతి మాంత్రికుడి సంగతి వేరు. జంతువుగా మారితే ఒళ్లు నిజంగానే మారుతుంది, బుద్ధి మాత్రం తనదే. ‘మాయాబజార్’లో శశిరేఖ రూపంలో ఉన్నది ఘటోత్కచుడని సావిత్రి ఠీవే చెప్పేస్తుంది కదా, ఆ ఆనందమే ఇక్కడా. 2014 నియమాల్లో, పిల్లి రూపంలో శత్రువుల మాటలన్నీ విన్న డ్రూయిడ్‌కు నోరు లేదు. పంజాతో నేల గీకి స్నేహితులకు చెప్పాలి. బల్ల చుట్టూ ఉన్నవాళ్లు ఊపిరి బిగబట్టి అర్థం వెతుకుతారు.

1974 నాటి తొలి నియమాల్లో మాయను నమ్మినవాడికి నిజంగానే దెబ్బ తగిలేది. ఇప్పుడు ఇల్యూజన్ విద్య నేర్చిన మాంత్రికుడు 14వ లెవెల్‌కు చేరితే, తన మాయలో ఒక వస్తువును నిమిషంపాటు నిజం చెయ్యగలడు. ఆ వస్తువు నేరుగా ఎవరికీ హాని చెయ్యకూడదు. ‘సైలెంట్ ఇమేజ్’ మంత్రంతో 15 అడుగుల లోయ మీద వంతెన వేస్తాడు. మనవాళ్లు దాటేస్తారు. నిమిషం గడిచిపోతుంది. తరిమేవాళ్లు అవతలి గట్టుకు వచ్చేసరికి వంతెన ఇంకా కనిపిస్తూనే ఉంటుంది.