చీకటి ఉంది, భయం లేదు: రామ్సే సోదరుల హారర్ చిత్రాలు - విమర్శనాత్మక పరిశీలన

వ్యాససంగ్రహం:
1970-90ల మధ్య తక్కువ ఖర్చుతో హిందీలో హారర్ చిత్రాలు నిర్మించిన రామ్సే సోదరుల పేరు ఆ ప్రక్రియకే పర్యాయపదమైంది. ఈ చిత్రాలు ప్రేక్షకుణ్ణి నిరాశపరచడానికి ధనలేమి కారణమన్న అభిప్రాయం వాడుకలో ఉంది. ‘పురానా మందిర్’, ‘వీరానా’ చిత్రాల ఆధారంగా ఆ అభిప్రాయాన్ని పరిశీలించి, అసలు లోపం కథలో ఉన్న భయాన్ని చివరిదాకా నిలుపుకోలేకపోవడమేనని నిరూపించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: రామ్సే సోదరులు, భయానకరసం, శంక, శాపం, స్త్రీ, రాత్రి.

1. ఉపోద్ఘాతం:
దేశవిభజన అనంతరం కరాచీ నుంచి బొంబాయి చేరిన ఎఫ్.యు. రామ్సేకు ఏడుగురు కుమారులు. 1970లో ఆ కుటుంబం నిర్మించిన ‘ఏక్ నన్హీ మున్నీ లడ్కీ థీ’ పరాజయం పాలైంది. అయితే అందులో పృథ్వీరాజ్ కపూర్ భయంకరమైన ముసుగు ధరించి దొంగతనానికి వచ్చే ఘట్టానికి మాత్రం ప్రేక్షకులు ఉలిక్కిపడడాన్ని సోదరులు గమనించారు. ఆ గమనింపు ఫలితమే ‘దో గజ్ జమీన్ కే నీచే’ (1972). చిత్రబృందమంతా మహాబలేశ్వర్‌కు వెళ్లి, అతిథిగృహంలో బస చేసి, అక్కడి పరిసరాల్లోనే చిత్రీకరణ సాగించింది. తులసి, శ్యామ్ దర్శకత్వం, గంగు ఛాయాగ్రహణం, కుమార్ రచన - ఇలా పనులన్నీ ఇంటివారే పంచుకున్నారు. ఖర్చు తగ్గించిన ఈ పద్ధతి సుమారు రెండు దశాబ్దాలు నిలబడింది.

2. పేదరికం కారణమా?
పొదుపు దానంతట అదే దోషం కాదు. జార్జ్ రొమెరో ‘నైట్ ఆఫ్ ది లివింగ్ డెడ్’ (1968), జాన్ కార్పెంటర్ ‘హాలోవీన్’ (1978) కూడా స్వల్ప వ్యయంతో తయారైనవే. హారర్‌కు చీకటి, నిశ్శబ్దం, నిరీక్షణ ముఖ్యం. వీటిలో దేనికీ పెద్ద మొత్తం అవసరం లేదు.

భయానకరసానికి వికృతధ్వనులు, భూతదర్శనం, అరణ్యం, శూన్యగృహం వంటివాటిని నాట్యశాస్త్రం విభావాలుగా పేర్కొంది. రామ్సే చిత్రాల్లో ఇవన్నీ పుష్కలంగా ఉన్నాయి. పాడుబడిన హవేలీ, పొగమంచు, కిర్రుమనే తలుపు లేని చిత్రం అరుదు. కానీ అదే శాస్త్రం ఈ రసానికి సంచారిభావాల్లో శంకను కూడా చెప్పింది. ప్రేక్షకుడి మనస్సులో శంక మొలకెత్తడానికి వ్యవధి కావాలి. ఈ చిత్రాలు ఆ వ్యవధిని ఇవ్వవు. రాక్షసుణ్ణి పూర్తి వెలుతురులో, ముఖానికి దగ్గరగా చూపిస్తాయి. అప్పుడు కలిగేది భయం కాదు, జుగుప్స. భయానకం ఆశించి వచ్చినవారికి బీభత్సం దక్కుతుంది.

3. ‘పురానా మందిర్’ (1984) - వదిలేసిన భయం:
రామ్సేల చిత్రాల్లో మిక్కిలి ప్రజాదరణ పొందిన వాటిలో ఇది ఒకటి. రాజాజ్ఞతో తల తెగిన సామ్రీ, ఆ రాజవంశపు స్త్రీలు ప్రసవ సమయంలో మరణించాలని శపిస్తాడు. తలను పెట్టెలో బంధిస్తారు, మొండేన్ని వేరుచోట పాతిపెడతారు. తరాల తరువాత, భార్యను అలాగే పోగొట్టుకున్న ఠాకూర్ తన కూతురు సుమన్ ప్రేమవివాహాన్ని అడ్డుకుంటాడు.

ఈ కథాబీజం అసాధారణమైనది. పురిటిలో ప్రాణం పోవడం ప్రేక్షకులు తమ ఇళ్లలోనూ, ఇరుగుపొరుగునా ఎరిగిన విషాదం. పురుడు స్త్రీకి పునర్జన్మ అనే మాట వాడుకలో ఉన్న సమాజంలో సామ్రీ శాపం కట్టుకథ మాత్రమే కాదు. తండ్రి నిరాకరణలో క్రౌర్యం కన్నా దుఃఖం ఎక్కువ. తల్లి కావడమే మరణశాసనమైన యువతి ఏమి ఆలోచిస్తుంది? ఎవరిని అడుగుతుంది? ఈ ప్రశ్నల చుట్టూ కథ నడిచి ఉంటే చిత్రం స్థాయి వేరుగా ఉండేది.

దర్శకులు ఆ ద్వారాన్ని తెరిచి, లోపలికి అడుగుపెట్టలేదు. కథ హవేలీకి చేరగానే శాపం వెనక్కి తగ్గి, సామ్రీ వేట ముందుకు వస్తుంది. ‘షోలే’కు పేరడీగా జగదీప్ నడిపే హాస్యభాగం కథతో సంబంధం లేకుండా సాగుతుంది. సుమన్ దేహం శాపానికి ఆశ్రయంగా కాక చూపరులకు ఆకర్షణగా మిగులుతుంది. చివరకు త్రిశూలం, నిప్పు సమస్యను తీరుస్తాయి. సామ్రీగా నటించిన అజయ్ అగర్వాల్ ఆకారం గుర్తుండిపోతుంది. సుమన్ భయం గుర్తుండదు.

4. ‘వీరానా’ (1988) - స్త్రీ, దెయ్యం:
ఇందులో మంత్రగత్తె ఆత్మ జాస్మిన్‌ను ఆవహిస్తుంది. ఆమె పురుషులను ఆకర్షించి చంపుతుంది. స్త్రీ కోరికను తెరపై చూపాలి, కానీ అది ఆమెది కాకూడదు, దెయ్యానిదై ఉండాలి. ఈ ఏర్పాటు వల్ల చూసేవారికి ఆనందమూ దక్కుతుంది, నైతిక భద్రతా దక్కుతుంది. దెయ్యాన్ని వదిలిస్తే కథ సుఖాంతం. జాస్మిన్‌కు తనదంటూ ఒక మనస్సు ఉందో లేదో చిత్రం విచారించదు. సతీష్ షా పోషించిన హారర్ చిత్రదర్శకుడి పాత్ర ద్వారా రామ్సేలు తమను తామే పరిహసించుకున్నారు. ఆ స్వీయపరిహాసం చమత్కారమే అయినా, ఆత్మవిమర్శగా ఎదగలేదు.

5. ‘రాత్రి’ (1992)తో పోలిక:
రామ్‌గోపాల్ వర్మ తెలుగులో ‘రాత్రి’గా, హిందీలో ‘రాత్’గా తీసిన చిత్రం హవేలీని విడిచి మధ్యతరగతి ఇంట్లోకి వచ్చింది. ఇందులోనూ చివరకు తాంత్రికుడే దిక్కు. అయినా కదిలే కెమెరా, ధ్వని, ఖాళీగా కనిపించే స్థలాలు శంకను పెంచుతాయి. రేవతి పోషించిన పాత్ర దెయ్యానికి వాహిక కావడానికి ముందు ఒక కూతురు, ఒక విద్యార్థిని. ఆమె ఎవరో తెలిసినందువల్లే ఆమెకు ఏమవుతుందోనన్న భయం కలుగుతుంది. రామ్సేల నాయికలకు దక్కనిది ఈ పరిచయమే.

6. ముగింపు:
1993లో ‘జీ హారర్ షో’తో రామ్సేలు బుల్లితెరకు తరలారు. పెద్ద నిర్మాణసంస్థలు తాకని ప్రక్రియను ఒక కుటుంబం స్వయంకృషితో నిలబెట్టడం చరిత్రలో గుర్తించదగిన విషయం. నేడు ఆ చిత్రాలను నవ్వుకోవడానికి చూసేవారు వాటి రబ్బరు ముసుగులను లోపంగా ఎంచుతున్నారు. ముసుగులు క్షమించదగినవే. ప్రసవశయ్యపై మరణించే స్త్రీల కథను చేతికి తీసుకుని, ఆ స్త్రీలను మరచి రాక్షసుణ్ణి తగలబెట్టి తృప్తిపడడం మాత్రం ధనలేమితో సమర్థించుకోగలిగిన లోపం కాదు.