యాత్రికుని కోపము

దేశాంతరమున తిరుగువానికి కోపము వచ్చుట వింత కాదు. భాష తెలియదు, బండి చెప్పిన వేళకు రాదు, ఒక కచేరీలో నిచ్చిన కాగితము మరియొక కచేరీలో చెల్లదు, రేపు రమ్మన్న అధికారి రేపు ఊరిలో నుండడు. ఇంటియొద్ద శాంతమూర్తియని పేరొందిన గృహస్థుడు సైతము మూడవనాటికి బల్ల గుద్దును. ఈ కోపము నడచుకొను ఉపాయములు చెప్పు పెద్దలు కావలసినంతమంది కలరు. నేను విచారింపదలచినది వేరు. ఆ కోపము గ్రంథమున కెక్కినప్పుడు దాని విలువ యెంత? పరదేశి యొకడు విసిగి వ్రాసిన మాట ఆ దేశమును గూర్చిన సాక్ష్యమగునా, వాని విసుగును గూర్చిన సాక్ష్యము మాత్రమేనా?

అట్టి గ్రంథము మన దేశమును గూర్చినదైనచో మనలో కొందరు దానిని విసరికొట్టుదురు. సంఘసంస్కారమును కోరు మనబోంట్లో లోలోన సంతోషించి, "చూచితిరా, పరాయివాడును అదియే చెప్పుచున్నాడు" అని యింటి పెద్దలకు చదివి వినిపింతురు. రెండును తొందరపాటులే.

మొదట పరుల దేశమును గూర్చిన గ్రంథము నొకదానిని చూతము; అచ్చట మన యభిమానము అడ్డురాదు. రాబర్ట్ బైరన్ అను ఆంగ్లేయుడు 1933-34 సంవత్సరములలో పారసీక, ఆఫ్ఘన్ దేశములలో సంచరించి, 1937లో "ది రోడ్ టు ఆక్సియానా" అను గ్రంథమును ప్రకటించెను. (కవియగు బైరన్ ప్రభువు వేరు.) ఆతడు చూడబోయినవి ప్రాచీనపు గోపురములు, మసీదులు. కట్టెబొగ్గు వాయువుతో నడచు మోటారుబండ్లలో పోవలెనని తలపెట్టెను, అవి పనికిరాకపోయెను. హేరాతు నుండి తూర్పునకు బయలుదేరి, శీతకాలమున దారి సాగక మరలివచ్చి, మరుసటి వసంతమున మరల ప్రయత్నించెను. పారసీకమున వేగులవారి భయముచేత రెజా షా పేరు నెత్తక, ఆయనకొక ఆంగ్లేయపు మారుపేరు పెట్టి వ్యవహరించెను. తుద కేమయ్యెను? గ్రంథనామమునకు మూలమైన ఆక్సస్ నది, మన ప్రాచీనుల వంక్షునది, కొన్ని క్రోసుల దూరమున నుండగా, దానిని చూచుటకు ఆఫ్ఘన్ అధికారులు అనుజ్ఞ నీయలేదు. పొగడ్తలతో నింపి పంపిన విజ్ఞాపనమును నిష్ఫలమయ్యెను.

మరియొకడైనచో ఇచ్చట ఆసియావాసుల మూఢత్వమును గూర్చి పది పుటలు నింపియుండును. బైరన్ అట్లు చేయలేదు. ఆతని కోపము తేదీ వేసిన కోపము. రచన దినచర్యారూపమున నుండుటచేత మంగళవారపు చిరాకు మంగళవారముతో ముగియును. బుధవారము ఉదయము ఒక మినారు మీది నీలిపలకలను వర్ణించుటలో మునిగిపోవును. ఇది కేవలము చేతికి వచ్చినట్లు వ్రాసిన దినచర్య యనుకొనరాదు. ఇల్లు చేరిన పిమ్మట యేండ్లకొలది శ్రమపడి మలచినది. తెహరానులోని ఆఫ్ఘన్ రాయబారి సంభాషణములను, గొంతు హెచ్చుతగ్గులు తెలుపు సంగీతపు గుర్తులతో సహా, చిన్న నాటకములవలె వ్రాసిన పట్టులు చదివి నవ్వనివాడుండడు. కొట్టుటకు శక్తి లేనివాని రౌద్రము రౌద్రాభాసము. రసాభాసము హాస్యమునకు దారితీయునని అభినవగుప్తుడు చెప్పనే చెప్పెను. తన కేకలకు ఎవరును కదలని చోట నిలిచియున్న దొర అట్టి యాభాసమునకు చక్కని ఉదాహరణము. బైరన్ ఆ సంగతి గ్రహించి తన్ను తానే నవ్వులపాలు చేసికొనెను.

లోపము లేకపోలేదు. ఆతనికి కట్టడముల మీది ప్రేమ మనుష్యుల మీద లేదు. ఆ నది సోవియట్ రాజ్యముతో సరిహద్దు. 1933 నవంబరులో ఆఫ్ఘన్ రాజగు నాదిర్ షా హత్యకు గురియైయుండెను. పరదేశిని సరిహద్దునకు పోనీయని యధికారికి భయపడుటకు కారణము లేకపోలేదు. అడ్డగించినవాని వైపునుండి చూచు ఓపిక బైరనునకు చాల తక్కువ.

అంతకు నూరేండ్లకు ముందే మన ఏనుగుల వీరాస్వామయ్య, చెన్నపట్టణపు సుప్రీము కోర్టులో దుబాసీగా నుండి, 1830 మేలో కాశీకి బయలుదేరి, నైజాము, నాగపురపు రాజ్యముల మీదుగా పోయి, 1831 సెప్టెంబరులో ఇల్లు చేరెను. కుంఫిణీ కొలువువానికి అవి పరుల ప్రభుత్వములే. దారి చెడ్డదైనచోట చెడ్డదని వ్రాసి, తరువాతి మజిలీలో అంగళ్లున్నవో లేవో, నీటివసతి యెట్టిదో చెప్పి ముందుకు సాగును. ఆయన దృష్టి వెనుక రాబోవు యాత్రికుని మీద. రసజ్ఞులు దానిని పొడిగా నున్నదందురు. నాకు మాత్రము ఆ పొడిదనములో ఒక దయ కనబడును.

ఇక మన మనస్సును గాయపరచిన గ్రంథము. ట్రినిడాడు ద్వీపమున 1932లో జన్మించిన వి. ఎస్. నైపాల్, చెఱకుతోటల కూలికై ఒడంబడికమీద పోయిన భారతీయుల సంతతివాడు. 1962లో తొలిసారి మన దేశమునకు వచ్చి, 1964లో "యాన్ ఏరియా ఆఫ్ డార్క్‌నెస్" వ్రాసెను. మద్యనిషేధ మమలులోనున్న బొంబాయిలో ఓడ దిగగా సుంకపువారు ఆతని రెండు సీసాలను పట్టుకొనిరి. వానిని విడిపించుకొనుటకై కచేరీలవెంట తిరిగిన కథయే గ్రంథమునకు తొలిపలుకు. ఒక కచేరీలో తనతోనున్న స్త్రీ మూర్ఛిల్లగా ఆతడు నీళ్లడిగెను. గుమాస్తా తానై నీళ్లు తేలేదు. నీళ్లు తెచ్చుట బంట్రోతు పని; కావున బంట్రోతునకు కబురంపెను.

ఇది చదివి తల వంచుకొనని భారతీయు డుండడు. ఇట్టి గుమాస్తాను మనమందరము చూచితిమి. ఇంతవరకు నైపాల్ సాక్ష్యము తిరుగులేనిది. పిమ్మట ఆతడు చేసినదేమి? మనదేశమున ప్రతివాడు తన అంతస్తునకు ఏర్పడిన పనికే కట్టుబడియుండునని సిద్ధాంతము చేసి, గీతయందలి స్వధర్మబోధను దానికి మూలముగ చూపెను. ఇచ్చటనే నాకు అభ్యంతరము. ఆ గుమాస్తా గీత చదివెనని ఎవరు చెప్పిరి? అతడు చదివినది సర్వీసు నిబంధనలు. ఒక్కొక కాగితమునకు ఒక్కొక చేవ్రాలు, ఒక్కొక పనికి ఒక్కొక మనిషి యను ఏర్పాటును మనకు నేర్పినవారిలో ఆంగ్లేయ ప్రభుత్వ మొకటి కాదా? బంట్రోతు ముట్టవలసినదానిని గుమాస్తా ముట్టకుండుటలో కులాచారపు పాలు కలదు. కాదనను, అది మనము కడిగికొనవలసిన మురికియే. అందు కచేరీపు పాలెంత, కులపు పాలెంత యని విడదీయక రెంటిని గీతకు అంటగట్టుట విమర్శ కాదు. దాహము తీరనివాని తీర్పు. సంస్కర్తలు ఈ గ్రంథమును చేత పట్టుకొన్నచో జాగ్రత్త వహింపవలసిన పట్టు ఇదియే. దోషము నిజము, నిదానము తప్పు. నిదానము తప్పినచో మందు పనిచేయదు.

బొంబాయి కవి నిస్సిం ఎజెకియల్ దీనికి ప్రత్యుత్తరముగ నొక వ్యాసమునే వ్రాసెను. ఐనను ఈ గ్రంథమును త్రోసివేయుటకు నాకు మనసొప్పదు. కాశ్మీరమున దాల్ సరస్సు మీది చిన్న హోటలులో అజీజ్ అను పరిచారకుని చిత్రించిన ప్రకరణములు చదువుడు. ఎవరు యజమానుడో, ఎవరు సేవకుడో తెలియనీయక ఆతడు ఈ కోపిష్ఠిని ఆడించుట యెంత సొగసుగా వ్రాయబడినది! కడపట పూర్వుల గ్రామమునకు పోయినప్పుడు, చుట్టములమని చుట్టుముట్టిన జనముచేత విసిగి, జీపులో చోటడిగిన యొక బాలుని ఎక్కించుకొనక నడిచిపొమ్మని నైపాల్ వెడలిపోవును. ఆ క్రూరత్వమును దాచలేదు. అది అనవసరమని తానే వ్రాసి, పారిపోయితినని ఒప్పుకొనెను. రౌద్రమునుండి కరుణము పుట్టునని భరతుని మాట. తొలిపలుకులోని సీసాల రౌద్రము ఈ బాలుని యొద్ద కరుణమైనది. దేశమును గూర్చిన సిద్ధాంతములన్నిటికంటె ఈ పుటలు బలవత్తరములని నా తలంపు.

ఆతడు మన దేశమును గూర్చి మరి రెండు గ్రంథములు వ్రాసెను. 1990లో వెలువడిన మూడవదానిలో కచేరీల మీది కేకలు లేవు. పుటలకొలది మనవారే తమ కథలు చెప్పుకొందురు, ఆతడు వినుచుండును. చివరి ప్రకరణమున అదే సరస్సు మీది అదే హోటలునకు మరల పోయెను. అజీజ్ అచ్చటనే యుండెను.