పత్తి సీమకు ఒక కంజీ

జపనీస్ నేర్చుకునేవాళ్లను మొదట భయపెట్టేది కంజీ అనే అక్షరాల లెక్క. నిత్యం వాడుకకు జపాన్ ప్రభుత్వం 2010లో ఖరారు చేసిన జాబితాలోనే 2,136 అక్షరాలున్నాయి. చాలావాటికి రెండు మూడు ఉచ్చారణలు. పట్టిక ముందేసుకుని బట్టీ కొడితే ఈ పూట వచ్చింది రేపటికి నిలవదు. ఒక్క అక్షరాన్ని తీసుకుని, దాని మాటలతో, దాని చరిత్రతో కలిపి చదివితే ఆ అక్షరం ఇక పోదు. నందవరం, ఎమ్మిగనూరు, ఆదోని పిల్లలకు నేనైతే మొదట పత్తి అక్షరం నేర్పుతాను. చేలో తీసిన పత్తి ఆదోని మార్కెట్ యార్డుకు చేరడం, జిన్నింగు మిల్లులో గింజ విడిపోయి దూదిగా మారి బేళ్లకెక్కడం చూస్తూ పెరిగేవాళ్లు వాళ్లు.

ఈ అక్షరాన్ని జపాన్ పిల్లలు 5వ తరగతిలో నేర్చుకుంటారు. మొత్తం 14 గీతలు. ఎడమ పక్కన దారం గుర్తు: పైన రెండు మెలికలు, పక్కన ఒక చుక్క, కింద నిలువు గీత, దానికి అటొకటి ఇటొకటి చిన్న గీతలు. కుడివైపు పైన తెలుపు గుర్తు, కింద బట్ట గుర్తు. ఎడమది రాశాకే కుడిది, పైది రాశాకే కిందిది. దారం గుర్తు విడిగా ఉంటే వెడల్పుగా కూర్చుంటుంది, ఇక్కడ మాత్రం పక్కకు ఒదిగి సన్నబడాలి. బట్ట గుర్తు మధ్యలోంచి దించే నిలువు గీతతో రాత ముగుస్తుంది.

ఇక ఉచ్చారణ. నీళ్లు తాగుతాం కానీ నీళ్లపాతం అనం, జలపాతం అంటాం. ఆ నీళ్లకూ ఈ జలానికీ ఒకే అక్షరం ఉందనుకోండి, సందర్భాన్ని బట్టి రెండు రకాలుగా చదవాల్సి వచ్చేది. కంజీల సంగతి అదే. పత్తి అక్షరం ఒంటరిగా ఉంటే సొంత జపనీస్ మాట ‘వత’. చేలోని పత్తి, ఏకిన దూది, బొంతలో కూరేది అన్నీ వతే. వేరే అక్షరంతో జత కడితే చైనా నుంచి వచ్చిన ‘మెన్’. ముడిపత్తి మెన్క, నూలుబట్ట మెన్పు. ముందు చెట్టు అక్షరం చేరిస్తే మొమెన్, అదీ నూలుబట్టే. తెగకుండా సాగేది రెన్‌మెన్, ఏ చిన్న వివరాన్నీ వదలని పని మెన్‌మిత్సు. అలాగని జత కట్టినప్పుడల్లా మెన్ అనుకుంటే పొరపాటే. పీచుమిఠాయిని వతగషి అంటారు. అందుకే విడి ఉచ్చారణలు కాదు, మాటలే నేర్చుకోవాలి.

కుడివైపున్న తెలుపు, బట్ట రెండూ కలిస్తే పట్టుబట్ట. పత్తి అక్షరంలో పట్టు ఎందుకుంది? ఈ అక్షరం పుట్టింది పట్టుపీచు కోసం. పత్తి ఎరగని పాత జపాన్‌లో వత అంటే పట్టుపీచే. నేటికీ దాన్ని మవత, అంటే ‘అసలు వత’ అంటారు.

పత్తి అక్కడికి చేరిన కథ మన రైతులు వినవలసింది. 799లో మికావా తీరానికి చిన్న పడవలో ఒక యువకుడు కొట్టుకొచ్చాడని, ఒంటితీగ వాద్యం వాయిస్తూ జాలిగా పాడేవాడని ఆనాటి రాజవృత్తాంతం చెబుతుంది. భాష కాస్త వచ్చాక తనది తెంజికు, అంటే భారతదేశం, అన్నాడట. అతని సామానులో పత్తి విత్తనాలున్నాయి. మరుసటి ఏడు వాటిని కీ, అవజి, సనుకి, తోసా తదితర సీమలకు పంచి, నాటే పద్ధతీ రాసి పంపారు. ఎండ తగిలే సారవంతమైన నేల చూడాలి. గుంటకూ గుంటకూ నాలుగడుగుల ఎడం. విత్తనాలు కడిగి రాత్రంతా నానబెట్టి, తెల్లారి గుంటకు నాలుగు చొప్పున వేసి, మన్ను కప్పి చేత్తో అదమాలి. రోజూ పొద్దున నీళ్లు పోయాలి. పన్నెండు వందల ఏళ్ల కిందటి ఈ సూచనలు నందవరం రైతుకు విడమరిచి చెప్పనక్కర్లేదు. ఆ పంట మాత్రం అక్కడ నిలవలేదు. మళ్లీ వేళ్లూనడానికి ఏడు శతాబ్దాలు పట్టింది. అయినా ఆ యువకుణ్ణి మరవలేదు. ఐచి ప్రాంతంలోని నిషియోలో తెంజికు పేరుతోనే ఆలయం కట్టి కొలుస్తున్నారు.

తరవాతి కాలంలో డచ్చి ఓడలు కోరమాండల్ తీరపు అద్దకం బట్టల్ని నాగసాకికి చేర్చాయి, జపాన్‌వాళ్లు వాటిని సరస అన్నారు. 1893లో జంషెడ్జీ టాటాతో కలిసి జపాన్ ఓడల కంపెనీ బొంబాయికి తెరిచిన మార్గం కూడా ముడిపత్తి కోసమే.

ఈ ఒక్క పత్తి అక్షరం పట్టుబడితే దారం గుర్తు ఎక్కడ కనిపించినా పోల్చుకోవచ్చు. పట్టు, నేత, అల్లిక, కాగితం, గీత అక్షరాలన్నిటికీ ఎడమ పక్కన అదే ఉంటుంది. వాటిలో రెండోదిగా ‘కుమి’ని ఎంచుకోమంటాను. దారాలు కలిపి అల్లడం దాని మొదటి అర్థం, జట్టు కట్టడం తరవాత వచ్చింది. కుమిఐ అంటే సంఘం, క్యోదో కుమిఐ అంటే సహకార సంఘం. మాచాని సోమప్ప 1938లో ఎమ్మిగనూరు నేతగాళ్లను కూడగట్టి పెట్టింది అలాంటిదే.