ఉంటే గింటే

మా మేనకోడలు ఐఈఎల్‌టీఎస్ పరీక్షకు చదువుతోంది. మొన్న ఆదివారం తను రాసిన వ్యాసాన్ని ఫొటో తీసి పంపింది. కోచింగ్ సెంటర్‌లో ఎవరో ఒక వాక్యం కింద ఎర్రగా గీత గీశారు. ఎందుకు గీశారో మాత్రం రాయలేదు. "ఇఫ్ హి వుడ్ హావ్ కాల్డ్ మీ, ఐ వుడ్ హావ్ గాన్." కాసేపటికి తనే ఫోన్ చేసింది.

"మామయ్యా, ఇందులో తప్పేముంది? అటు వుడ్ హావ్, ఇటు వుడ్ హావ్. ఎంత చక్కగా కుదిరిందో చూడు."

కుదిరింది. చిక్కంతా అదే.

ముప్పై ఏళ్లు పేపరు డెస్కులో ఇంగ్లిష్ ఏజెన్సీ కాపీలు తెలుగు చేసి బతికినవాణ్ణి. ఇలాంటి వాక్యం ఎక్కడ పుట్టిందో వాసన చూసి చెప్పగలను. ఇది పుట్టింది తెలుగులో. "వాడు పిలిచి ఉంటే నేను వెళ్లి ఉండేదాన్ని." అటొక ‘ఉండు’, ఇటొక ‘ఉండు’. తక్కెడలో రెండు సిబ్బెలూ సరిసమానం. పిల్ల ఆ తూకాన్ని చెక్కుచెదరకుండా ఇంగ్లిష్‌లోకి మోసుకెళ్లింది. అమెరికాలో పుట్టి పెరిగినవాళ్లలో కూడా చాలామంది మాటల్లో ఇలాగే అనేస్తారు కాబట్టి నేరమంతా మన భాష నెత్తిన రుద్దను. కానీ పరీక్షలో చెల్లదు. ‘ఇఫ్’ ఉన్నవైపు ‘హాడ్’ రావాలి. దాని వెనకాలే క్రియకు మూడో రూపం రావాలి. మేం పాస్ట్ పార్టిసిపుల్ అనేవాళ్లం, ఇప్పటి పిల్లలు వీ త్రీ అంటున్నారు. ఇఫ్ హి హాడ్ కాల్డ్ మీ.

"ఎందుకు హాడ్?" అంది. రెన్ అండ్ మార్టిన్ చంకన పెట్టుకుని పెరిగిన మా తరం ఈ ప్రశ్నకు "అది రూలు" అని తప్పించుకునేది. నాకు జవాబు తట్టింది ఉద్యోగంలో చేరిన చాలా ఏళ్లకు. నిజం కానిదాని గురించి మాట్లాడాల్సి వచ్చినప్పుడల్లా ఇంగ్లిష్ కాలంలో ఒక మెట్టు కిందికి దిగుతుంది. ఇప్పుడు జేబులో డబ్బు లేదు, ఉంటే బాగుండునని అనుకోవాలి. మాట ఇవాళ్టిదే అయినా ‘ఇఫ్ ఐ హాడ్ మనీ’ అని నిన్నటి రూపం వాడుతుంది. మరి నిన్న లేని డబ్బు సంగతో? నిన్నటి రూపం అప్పటికే వాడేసుకున్నాం కదా. ఇంకో మెట్టు దిగక తప్పదు. ఆ అడుగు మెట్టే హాడ్, దాని వెంట వీ త్రీ. ‘ఇఫ్ ఐ హాడ్ హాడ్ మనీ’ అని రాస్తే అచ్చుతప్పు అనుకునేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. పాపం, రెండు హాడ్‌లకూ వేర్వేరు ఉద్యోగాలున్నాయి.

‘వుడ్’కి ఈ మెట్ల మీద పనిలేదు. అది ఫలితం వైపు కూర్చునే మనిషి. ‘విల్’ అంటే మొదట్లో ఇష్టపడటమనే అర్థం ఉండేది. ఆ వాసన ఇంకా పోలేదు. అందుకే ‘ఇఫ్ హి వుడ్’ అనగానే ‘అతనికి మనసుంటే’ అన్నట్టు వినిపిస్తుంది. చెవి మోసపోవడానికి మరో కారణం, మాటల్లో హాడ్, వుడ్ రెండూ అరిగి ఒక్క ‘డ్’ మిగలడం. ‘ఇఫ్ ఐడ్ నోన్, ఐడ్ హావ్ కమ్.’ మొదటి డ్ ఒకరిది, రెండో డ్ ఇంకొకరిది.

"మన తెలుగులో ఇలాంటి మెట్లు లేవా?" అని అడిగింది.

బడిలో చేదర్థకం చదివావు, మరిచిపోయావు అన్నాను. షరతు చెప్పే క్రియకు మన వ్యాకరణం పెట్టిన పేరది. ‘వాన కురిస్తే’ అన్నదే చేదర్థకం. చిన్నయసూరి బాలవ్యాకరణం అచ్చయింది 1858లో. ఆనాటి గ్రాంథికంలో దీన్నే ‘వాన కురిసిన పంట పండును’ అని రాసేవారు. ఇవాళ్టి కంటికి ‘కురిసిన’ అంటే ఆల్రెడీ కురిసి వెలిసిన వాన. అప్పట్లో అదే మాట కురవబోయే వానకు షరతు కూడా. ఆ అలవాటు మనకింకా పోలేదు. కురిసినచో, కురిసినట్లయితే, కురిసిన పక్షంలో. రేపటి వాన గురించి మాట్లాడుతూ జరిగిపోయిన మాట మీదే షరతును నిలబెడుతున్నాం. ‘చో’ అంటే చోటు. నేరం రుజువైన పక్షంలో అని కోర్టు వార్త రాసేటప్పుడు, రుజువు అయిపోయిందేమోనని మనలో ఎవరికీ అనుమానం రాదు. ఇంగ్లిష్ ‘ఇఫ్ ప్రూవ్డ్’ కూడా ఇదే బాపతు. షరతు పక్కన ఒంటరిగా ఒక వీ త్రీ.

(‘ఆస్క్డ్ ఇఫ్’ సంగతి వేరు. అక్కడ ఇఫ్ షరతే కాదు. ‘పోటీ చేస్తారా అని అడగ్గా’ అని రాయాల్సిన చోట కొత్తగా చేరిన కుర్రాడొకడు ‘పోటీ చేస్తే అడగ్గా’ అని రాసి డెస్కును వారం రోజులు నవ్వించాడు.)

అయితే తెలుగుకు ఒక గడుసుతనం ఉంది. ఇంగ్లిష్‌లో ఇఫ్ తీసేసి ‘హాడ్ హి కమ్’ అని మొదలుపెట్టారంటే, ఆ మొదటి మాటకే తెలిసిపోతుంది ఆ మనిషి రాలేదని. మనం ‘రామయ్య వచ్చి ఉంటే’ అన్నామనుకోండి. వచ్చాడా, రాలేదా? ‘ఈ కవరు ఇచ్చిరా’ అని ముగిస్తే వచ్చాడేమో, మనకు తెలియదు. ‘ఈ కవరు ఇచ్చి ఉండేవాణ్ణి’ అని ముగిస్తే రానేలేదు. చివరి క్రియ నోట్లోంచి బయటపడేదాకా రామయ్య గుమ్మం దగ్గరే నిలబడి ఉంటాడు.

ఆ గుమ్మం దగ్గర ఒకసారి నేను బోర్లా పడ్డాను. టెలిప్రింటర్ల కాలం. ఇళ్ల స్థలాల దరఖాస్తుల మీద ఒక ప్రభుత్వ కార్యాలయం ఇంగ్లిష్‌లో ప్రకటన పంపింది. గడువులోగా దరఖాస్తులు అంది ఉంటే జవాబు పంపుతాం అన్నది దాని సారాంశం. ‘హావ్’, ‘విల్’ తప్ప హాడ్, వుడ్ మచ్చుకైనా లేవు. ‘దరఖాస్తులు గడువులోగా మాకు అంది ఉంటే’ దాకా రాశాను. ఇంతలో టీ వచ్చింది, ఫోన్ వచ్చింది. తిరిగొచ్చి ఇంగ్లిష్ కాగితం వంక చూడకుండా నా తెలుగు వంకే చూసి వాక్యం పూర్తి చేశాను. ‘ఉంటే’ తన జోడీని తానే లాక్కుంది. ‘జవాబు ఇచ్చి ఉండేవాళ్లం.’ ఎంత చక్కగా కుదిరిందో! ఫస్ట్ ఎడిషన్‌లోనే వెళ్లిపోయింది.

మర్నాడు పదింటికి మా ఆఫీసు మెట్ల మీద పాతికమంది. చేతుల్లో రిజిస్టర్డ్ పోస్టు రశీదులు. ఒక పెద్దావిడ ఆ రశీదును నా కళ్లముందు ఆడిస్తూ, "అందలేదని ఎట్టా రాశావు బాబూ?" అంది. అందలేదని నేనెక్కడా రాయలేదు. ‘అందలేదు’ అన్న ఆ నాలుగక్షరాల మాట నా కాపీలో ఎంత వెతికినా దొరకదు. అయినా ఆవిడ చదివింది సరిగ్గానే చదివింది.

మధ్యాహ్నం కూర్చుని సవరణ రాశాను. ‘మూలంలోని వాక్యాన్ని ఇంకాస్త జాగ్రత్తగా చదివి ఉంటే ఈ పొరపాటు జరిగి ఉండేది కాదు’ అని ముగించాను. మా చీఫ్ సబ్ కళ్లద్దాలు నుదుటి మీదికి తోసి, ఆ వాక్యం మీద అడ్డంగా ఒక్క గీత గీశాడు.

"ఈ ఉంటే గింటే ఎందుకయ్యా? సరిగా చదవలేదని రాయి."