టార్చి ఆర్పాక

తొలకరి పడ్డ వారానికల్లా మా ఊరి గెడ్డ గట్టున కూర్చోవడం నాకు నాలుగేళ్లుగా అలవాటు. మిణుగురుల కోసం. మొదటి ఏడు టార్చి పట్టుకుని వెళ్లాను. వెలుగును వెతకడానికి వెలుగు మోసుకెళ్లిన తెలివి నాది. గంటసేపు గట్టు, తుంగ తప్ప ఏమీ కనపడలేదు. మడికి నీరు కట్టడానికి వచ్చిన తాత నవ్వాడు: "ఆ లైటు ఆర్పీ బాబూ. నువ్వు సీకటైతే గానీ అయి రావు."

కళ్లు చీకటికి అలవాటు పడటానికి ఇరవై నిమిషాలు, ఒక్కోసారి అరగంట. మధ్యలో ఫోను చూశామా, మళ్లీ మొదటికే. (దోమల కంటే జేబులోని ఫోనే ఎక్కువ కుడుతుంది.) దారికి తప్పదనుకుంటే టార్చికి ఎర్ర జిలెటిన్ పేపరు చుట్టుకుంటాను. ఎరుపు వాటిని అంతగా బెదరగొట్టదు.

ఎగురుతూ మెరిసేవి ఎక్కువగా మగవి. ఆడది గడ్డిపరక మీద నుంచి జవాబు మెరుస్తుంది. ఎంతసేపు మెరవాలి, ఎంత ఆగాలి అన్నది జాతికో లెక్క. వీధి దీపం కింద ఆ లెక్క కొట్టుకుపోతుంది, జత కుదరదు.

అయితే దీపాల్ని తిట్టి ఊరుకోలేను. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను ఉద్దానాన్ని ఊడ్చేశాక ఆ పక్క చుట్టాలింట్లో కొన్ని రాత్రులు గడిపాను. కరెంటు లేదు, కళ్లు పొడుచుకున్నా కనపడని చీకటి. ఒక్క మిణుగురూ లేదు. చీకటి ఒక్కటే చాలదు మరి. రెక్కలొచ్చాక మిణుగురు బతికేది కొద్ది వారాలే. అంతకుముందు నెలల తరబడి పురుగుగా తడి నేలలో నత్తల్ని తింటూ ఉంటుంది. గట్టు మీద గడ్డిమందు కొట్టేవాడు ఆ నెలల్నే కాల్చేస్తున్నాడు. మన రాష్ట్రంలోనే బర్రంకుల అనే ఊళ్లో 1996లో పది చదరపు మీటర్లలో 500కు పైగా కనిపించిన మిణుగురులు 2019లో లెక్కపెడితే పది, ఇరవై.

ఆ లెక్క ఎక్కడో చదివాకే నేనూ లెక్క రాయడానికి నోటుపుస్తకం పెట్టాను. మొన్న అమావాస్యకు పదకొండు. పదకొండోది గెడ్డ అవతల, కాస్త ఎర్రగా, తాపీగా మెరిసింది. కొత్త జాతేమోనని పక్కన నక్షత్రం గుర్తు కూడా వేశాను.

తిరిగొస్తుంటే తాత ఎదురయ్యాడు. "ఎన్నొచ్చేయి బాబూ?"

చెప్పాను.

"పదే. ఒకటి నా సుట్ట."